మాట వెనుక మాట అందనప్పుడు

స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి పేరు వినగానే నిజామాబాద్ జిల్లాలో పల్లెవాసులకైనా పట్టణవాసులకైనా ముందుగా గుర్తుకు వచ్చేవి రెండు లక్షణాలు: ఎవరూ లేకుండానే చెవిలో మాటలు వినిపించడం, అందరూ కలిసి తన మీద కుట్ర పన్నుతున్నారని నమ్మడం. ఇవి ఈ వ్యాధిలో ముఖ్యమైన లక్షణాలే అయినా, మందులతో వీటి జోరు తగ్గిన తరువాత కూడా మనిషిని పనికీ, పెళ్లికీ, నలుగురు కూర్చునే అరుగుకూ దూరంగా ఉంచే లోపం మరొకటి ఉంది. ఎదుటివారి ముఖకవళికలు, గొంతు, చూపు, నిలబడిన తీరు, మాట్లాడుతున్న సందర్భం, వారితో తనకున్న వరస, వీటన్నిటినీ క్షణంలో కలిపి చదువుకొని, ఇక్కడ జరుగుతున్నదేమిటి, తాను చేయవలసినదేమిటి అని గ్రహించే శక్తి దెబ్బతినడమే ఆ లోపం. ఈ శక్తిని మనస్తత్వ శాస్త్రం సామాజిక గ్రహణం అంటుంది. ఆర్మూర్ పక్కనున్న వేల్పూర్ వంటి ఊళ్లలో, అంటే దాదాపు ప్రతి ఒక్కరూ మరొకరికి ఏదో ఒక వరస అయ్యే చోట, అసలు సంగతి మాటలో కంటే మాట చుట్టూనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఈ శక్తి తగ్గిన మనిషికి కలిగే నష్టం అక్కడ మరింత ఎక్కువ. అయితే చెవిలో మాటలు వినిపించడాన్ని జబ్బుగా గుర్తుపట్టినంత సులభంగా దీనిని ఎవరూ జబ్బుగా గుర్తుపట్టరు. పొగరనో, బద్ధకమనో, తెలివి తక్కువనో అనుకుంటారు.

ఈ వ్యాధికి ప్రస్తుతం వాడుకలో ఉన్న పేరును స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయ్‌లర్ 1908లో పెట్టాడు. సాధారణంగా ఇది పదిహేను, పదహారేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు, అంటే చదువు ముగించి బతుకుతెరువు వెతుక్కునే వయసులో బయటపడుతుంది. దీని లక్షణాలను వైద్యులు రెండు ప్రధాన గుంపులుగా చూస్తారు. లేనివి వినిపించడం లేదా కనిపించడం అనే భ్రాంతి, ఎంత రుజువు చూపినా సడలని తప్పుడు నమ్మకం అనే భ్రమ, పొంతన లేని మాట వంటివి కొత్తగా వచ్చి చేరేవి. ముఖంలో భావం తగ్గిపోవడం, మాట పలచబడటం, దేని మీదా ఉత్సాహం లేకపోవడం, మనుషుల నుంచి తప్పుకోవడం వంటివి ఉన్నవి తరిగిపోయేవి. సినిమాల పుణ్యమా అని ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండటమే స్కిజోఫ్రెనియా అని చాలామంది అనుకుంటారు కానీ, 2005లో వచ్చిన అపరిచితుడు చూపించినది బహుళ వ్యక్తిత్వాలను మాత్రమే. ఆ స్థితికీ ఈ వ్యాధికీ సంబంధం లేదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, స్కిజోఫ్రెనియాతో పాటు ఆ కోవకు చెందిన తీవ్ర వ్యాధులతో అప్పటికి బాధపడుతున్నవారు పెద్దవాళ్లలో 0.4 శాతం ఉన్నారనీ, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వీటి పాలబడినవారు 1.4 శాతం ఉన్నారనీ తేల్చింది. సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. అయినా ఆ లెక్కనే ఇక్కడికి అన్వయిస్తే, వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఊళ్లో నలుగురికి ఈ కోవ జబ్బులు ఉండవచ్చునని అర్థం. ఇలాంటి రోగుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది.

నిజామాబాద్ ప్రాంతం గురించి రాసేటప్పుడు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. ఈ జిల్లాలో కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలపడం ఎన్నో ఏళ్లుగా ఉన్న సమస్య. 2015లో ఎక్సైజ్ శాఖ దాడులు పెంచి కల్తీ కల్లు అందకుండా చేసినప్పుడు, దానికి అలవాటుపడినవారు వణుకుతో, ఫిట్స్‌తో, లేనివి చూస్తూ, తమలో తాము మాట్లాడుకుంటూ నిజామాబాద్ ఆసుపత్రికీ, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ పెద్ద సంఖ్యలో చేరారు. పైకి చూస్తే పిచ్చిలా కనిపించిన ఆ స్థితి మత్తు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చినది, చికిత్స చేస్తే కొద్ది రోజుల్లో తగ్గేది. స్కిజోఫ్రెనియా అలాంటిది కాదు. అది నెలల తరబడి మెల్లగా అల్లుకుంటుంది, దానితో పాటే ఎదుటివారిని చదువుకునే శక్తి కూడా, తరచుగా మొదటి భ్రాంతి కంటే ముందే, సన్నగిల్లుతూ వస్తుంది.

సామాజిక గ్రహణం ఒంటరిగా ఉండే శక్తి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు మైఖేల్ గ్రీన్, ఆయన సహచరులు దీనిని సామాజిక సంజ్ఞానం అనే పెద్ద గొడుగు కింద మరో మూడు శక్తులతో కలిపి చూపారు: ముఖంలో, గొంతులో ఉన్న భావాన్ని గుర్తించడం, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడం, జరిగినదానికి కారణం ఎవరికి, దేనికి ఆపాదించాలో నిర్ణయించుకోవడం. వీటిలో సామాజిక గ్రహణం పని ఏమిటంటే, పైకి కనిపించే ఆనవాళ్లను బట్టి అక్కడున్నవారి పాత్రలు, వారి మధ్య సంబంధం, ఆ సందర్భంలో చెల్లే నియమాలు పసిగట్టడం. పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, నాణ్యత ఇంత అని చెప్పే వ్యాపారి తాను దేన్ని బట్టి చెప్పాడో వివరించలేనట్టే, మామూలు మనిషి కూడా ఒక గదిలోకి అడుగుపెట్టగానే అక్కడ తగాదా జరుగుతోందో పెళ్లి మాటలు జరుగుతున్నాయో గ్రహిస్తాడు గానీ ఎలా గ్రహించాడో చెప్పలేడు. ఆ చెప్పలేని పనే ఈ వ్యాధిలో కుంటుపడుతుంది.

వరసల విషయం తీసుకుంటే సంగతి తేటపడుతుంది. తెలంగాణ పల్లెల్లో బావ వరసైనవాడు పదిమందిలో "ఏం బావా, నీకు పిల్లనిచ్చెటోడు ఇంకా పుట్టలేదా ఏంది" అంటే అది పరాచికం. దానికి అంతకు రెండింతలు పరాచికంతో బదులివ్వడమే అక్కడ మర్యాద. ఆ మాటే చిన్నాయన అంటే అది బాధ్యత, కొంత బెంగ. అప్పు ఇచ్చినవాడు వాకిట్లో నిలబడి అంటే అది అవమానం. పదాలు మారలేదు; అన్నవాడి వరస, పెదవి మీది నవ్వు, చుట్టూ ఉన్నవారి ముఖాలు మారాయి. స్కిజోఫ్రెనియా ఉన్న యువకుడికి పదాలు స్పష్టంగానే వినిపిస్తాయి, వాటి అర్థం కూడా తెలుస్తుంది; వాటిని తూచడానికి కావలసిన మిగతా ఆనవాళ్లు మాత్రం సమయానికి అందవు, అందినా ఒకదానితో ఒకటి కలవవు. ఫలితంగా పరాచికం అవమానంగా దిగబడుతుంది, లేదా అవమానం అర్థం కాకుండానే జారిపోతుంది. పెళ్లిళ్లలో, బోనాల్లో, బతుకమ్మ రోజుల్లో చుట్టాలంతా చేరి ఆటపట్టించుకునే వేళనే ఇలాంటి రోగి లేచి వెళ్లిపోవడానికో, కస్సుమనడానికో కారణం చాలావరకు ఇదే.

నర్మగర్భంగా చెప్పే మాటలది ఇంకో తంటా. వచ్చిన చుట్టం ఎంతకీ లేవకపోతే ఇంటావిడ "పొద్దు గూకింది, ఎసరు పెట్టాలె" అంటుంది. వెళ్లమని ఆమె అనలేదు, అయినా వెళ్లమనే అన్నది. ఇలాంటి మాటల వెనుక ఉన్న కోరికను పట్టుకోగలరా లేదా అని చూడటానికి బ్రిటన్‌లో రియానన్ కోర్కొరన్, క్రిస్ ఫ్రిత్, వారి సహచరులు 1995లో ఒక పరీక్ష తయారుచేశారు. అందులో ఇద్దరు మాట్లాడుకునే చిన్న చిన్న సన్నివేశాలు చదివి వినిపించి, చివర ఒకరన్న మాటకు అసలు ఉద్దేశం ఏమిటని అడుగుతారు. చెప్పలేకపోతే ఇంకొంచెం స్పష్టమైన సూచన ఇచ్చి మళ్లీ అడుగుతారు. స్కిజోఫ్రెనియా ఉన్నవారు, ముఖ్యంగా మాట, భావం తగ్గిపోయినవారు, ఇందులో వెనకబడతారని ఆ పరిశోధనతో పాటు తరువాత వచ్చిన ఎన్నో పరిశోధనలు చూపాయి. 1992లోనే ఫ్రిత్ తన పుస్తకంలో ఒక అడుగు ముందుకు వేసి, ఎదుటివారి ఉద్దేశాన్ని ఊహించే యంత్రాంగం తప్పుదారి పట్టడం నుంచే తనను వెంటాడుతున్నారనే భ్రమ పుడుతుందని వాదించాడు. ఉద్దేశాలు అసలు కనిపించకపోవడం ఒక లోపమైతే, లేని ఉద్దేశాలు కనిపించడం ఇంకో లోపం. ఒకే వ్యాధిలో, కొన్నిసార్లు ఒకే మనిషిలో, ఈ రెండూ ఉండటమే దీనిలోని చిక్కు.

కారణాలను ఆపాదించే తీరులో ఈ రెండో లోపం బాగా కనిపిస్తుంది. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు నుంచి వారం రోజులుగా ఫోను రాలేదనుకుంటే, నిజామాబాద్ జిల్లాలో వేల ఇళ్లకు అనుభవమైన ఈ పరిస్థితికి మూడు రకాల కారణాలు తోచవచ్చు: నేనే ఏదో కటువుగా అన్నాను, వాడే కావాలని మానేశాడు, డ్యూటీ మారి గానీ సిగ్నల్ లేక గానీ చేసి ఉండడు. మామూలుగా మనిషి ఈ మూడింటి మధ్య తిరుగుతూ చివరికి మూడో కారణం దగ్గర నిలుస్తాడు. అనుమాన భ్రమలు ఉన్నవారు చెడు జరిగినప్పుడు పరిస్థితులను వదిలేసి మనుషులనే తప్పుపట్టే వైపు మొగ్గుతారని పీటర్ కిండర్‌మన్, రిచర్డ్ బెంటాల్ 1996లో రూపొందించిన ప్రశ్నావళి ఆధారంగా వాదించారు. దీనికి తోడు, తక్కువ రుజువుతోనే తీర్మానానికి రావడం అనే ఇంకో అలవాటు ఉంది. రెండు రంగుల పూసలు వేర్వేరు నిష్పత్తుల్లో ఉన్న రెండు జాడీల్లో ఒకదాని నుంచి పూసలు ఒక్కొక్కటిగా తీసి చూపుతూ ఇది ఏ జాడీయో చెప్పమంటే, భ్రమలు ఉన్నవారిలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేస్తారు. ఇతరులు ఇంకొన్ని చూసే దాకా ఆగుతారు. ఫిలిప్పా గారెటీ బృందం 1980ల చివర భ్రమలు ఉన్నవారిపై చేయడం మొదలుపెట్టిన ఈ పూసల పరీక్షను ఆ తరువాత ఎన్నో దేశాల్లో మళ్లీ మళ్లీ చేశారు. హోటల్లో ఇద్దరు నవ్వుకుంటే ఒక్క నవ్వుతోనే అది తన మీదేనని ఖాయం చేసుకునే మనసు, జాడీ దగ్గర కూడా అదే తొందర చూపుతుందన్నమాట.

ఆ నవ్వే ఎందుకు అంత పెద్దదిగా కనిపించింది అన్న ప్రశ్నకు, భారతదేశంలో పుట్టి కెనడా, బ్రిటన్ దేశాల్లో పనిచేసిన మానసిక వైద్యుడు శితిజ్ కపూర్ 2003లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ విలువైనదే. ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి అని మెదడు నిర్ణయించుకోవడంలో డోపమిన్ అనే రసాయనం ముద్ర వేసే పని చేస్తుంది. ఈ వ్యాధిలో ఆ ముద్ర వేళాపాళా లేకుండా పడుతూ, పక్కవాడి దగ్గు, వీధిలో హారన్, టీవీలో ఒక మాట వంటి అప్రధానమైనవి అత్యంత ముఖ్యమైనవిగా తోస్తాయి. ఎందుకు ముఖ్యమైనవో తెలియక తికమకపడిన మనసు తనకు తోచిన కథతో ఆ లోటు పూడ్చుకుంటుంది. ఆ కథే భ్రమ. ముఖంలోని భయాన్ని పసిగట్టే అమిగ్డలా, కదిలే చూపునూ పెదవులనూ గమనించే పైకణత ప్రాంతపు మడత, ఇతరుల ఆలోచనల గురించి ఆలోచించే నుదుటి వెనుక మధ్యభాగం, ఈ మూడూ కలిసి చేయవలసిన పనిలో స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో తేడా ఉందని మెదడు చిత్రాలు చూపాయి. కళ్ల కదలికలను కొలిచిన పరిశోధనల్లో వీరి చూపు ఎదుటి ముఖంలోని కళ్లు, ముక్కు, నోరు ఉన్న భాగం మీద తక్కువసార్లు నిలుస్తుందని తేలింది. సంతోషాన్ని బాగానే గుర్తించేవారు భయం వంటి ప్రతికూల భావాల దగ్గర ఎక్కువగా పొరబడతారు. ఇందులో ఒక వింత కూడా ఉంది. ముఖపు తొడుగును వెనుక వైపు నుంచి, అంటే గుంటగా ఉన్న వైపు నుంచి చూసినా మామూలు మనిషికి అది ఉబ్బెత్తు ముఖంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ముఖాలు ఎలా ఉంటాయో మెదడుకు ముందే తెలుసు. ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది మాత్రం దానిని ఉన్నది ఉన్నట్టు గుంటగానే చూస్తారు. ముందున్న అనుభవంతో కంటికి కనిపించేదానిని దిద్దుకోవడం అనే మామూలు పని ఇక్కడ బలహీనపడిందని దీని నుంచి పరిశోధకులు గ్రహించారు.

పాశ్చాత్య దేశాల ముఖచిత్రాలతో, అక్కడి మర్యాదల కథలతో భారతీయ రోగిని పరీక్షించడం న్యాయం కాదని గుర్తించిన నిమ్హాన్స్ వైద్యులు ఇక్కడి కొలతలు తయారుచేసుకున్నారు. 2008లో వచ్చిన ట్రెండ్స్ అనే పరికరంలో అనుభవమున్న నలుగురు భారతీయ నటీనటులు, ఇద్దరు చిన్నవారు, ఇద్దరు పెద్దవారు, భావాలు పలికించిన ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. 2011లో ఉర్వక్ష్ మెహెర్వాన్ మెహతా, జగదీశ తీర్థళ్లి, వారి సహచరులు ప్రకటించిన సోక్రటీస్ అనే పరీక్షల కట్టలో పైన చెప్పిన సామాజిక గ్రహణం, మనసును ఊహించడం, ఆపాదన, మూడూ భారతీయ సందర్భాలకు మలచబడ్డాయి. జబ్బు లక్షణాలు సద్దుమణిగి, చూడటానికి కోలుకున్నట్టే ఉన్న రోగుల్లో కూడా ఈ లోపాలు మిగిలే ఉన్నాయని ఆ బృందం చేసిన అధ్యయనాలు చూపాయి. ఇంటివారు "మందులు వేసుకుంటున్నడు గని మునుపటి లెక్క లేడు" అని చెప్పుకునే మాటకు శాస్త్రీయమైన ఆధారం ఇదే. అయితే బెంగళూరులో సరిపోయిన కొలత వేల్పూర్‌లో అలాగే సరిపోతుందనుకోవడం కూడా తొందరపాటే అవుతుంది: పెద్దవారిని సైతం ఆప్యాయంగా "నువ్వు" అనే తెలంగాణ పల్లె మర్యాద, గోదావరి జిల్లాల మర్యాద ఒకటి కావు, ఒకచోట చనువైన పిలుపు ఇంకోచోట అమర్యాద. చనువుకూ అమర్యాదకూ మధ్య గీత ఎక్కడుందో గుర్తించడాన్నే కొలిచే పరీక్షకు ఆ గీత ఊరూరా మారుతుందన్న సంగతి చిన్నది కాదు.

ఇంతవరకు రోగి సమాజాన్ని సరిగా చదవలేకపోవడం గురించి. సమాజం రోగిని చదివే తీరు ఇంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. ముఖంలో భావం తగ్గిపోయినవాడిని చూసి లోపల కూడా ఏమీ లేదని అనుకుంటారు. నిజానికి ముఖం పలకకపోయినా లోపల సంతోషం, దుఃఖం దాదాపు ఇతరుల్లాగే ఉంటాయని ప్రయోగాలు చూపాయి. కొన్ని మందుల వల్ల శరీరం, ముఖం బిగుసుకుపోయి ఈ అపార్థం ఇంకా పెరుగుతుంది. పలకరిస్తే కళ్లలోకి చూడనివాడికి పొగరని, పసుపు తవ్వకానికి పిలిస్తే రానివాడికి ఒళ్లు బద్ధకమని పేరు పడుతుంది. ఆర్మూర్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన ఉదంతాలు పత్రికల్లో తరచుగా వచ్చినవే. రాయని కట్టుబాట్లకు అంత బలమున్న చోట, ఆ కట్టుబాట్లను పసిగట్టలేని మనిషి చెల్లించే మూల్యం పట్టణంలో కంటే ఎక్కువే అవుతుంది. ఇక చేతబడి, బాణామతి అనే అనుమానం మొదలైతే కథ మరో మలుపు తిరుగుతుంది. ఇంట్లో పిల్లవాడు మారిపోయాడు, ఎవరో చేశారు, చేసినవాళ్లు ఫలానావాళ్లే అని తేల్చుకునే బంధువులు కూడా, జరిగిన చెడుకు పరిస్థితిని వదిలి మనిషినే కారణంగా చూస్తున్నారు, అదీ ఒకటి రెండు ఆనవాళ్లతోనే. పూసల జాడీ దగ్గర రోగి చూపిన తొందరకూ దీనికీ ఉన్న పోలిక గమనించదగినది. తేడా ఏమిటంటే ఊరి నమ్మకాన్ని ఎవరూ జబ్బు అనరు. గుడికో దర్గాకో వెళ్లడం వల్ల నష్టమేమీ లేదు కానీ, వెళ్లి వస్తూ గడిపే నెలల వల్ల నష్టం ఉంది, ఎందుకంటే చికిత్స లేకుండా గడిచిన కాలం ఎంత పొడవైతే కోలుకోవడం అంత కష్టమవుతుందని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది.

1952లో క్లోర్‌ప్రొమజీన్ వచ్చినప్పటి నుంచి ఇప్పటి వరకు వచ్చిన మందులు భ్రాంతులను, భ్రమలను చాలామందిలో అదుపు చేస్తాయి. తిరగబెట్టకుండా ఆపడంలో వాటికి ప్రత్యామ్నాయం లేదు, కాబట్టి ఇక్కడ చెబుతున్నదేదీ మందులు మానడానికి కారణం కాకూడదు. సామాజిక గ్రహణాన్ని మాత్రం ఈ మందులు పెద్దగా మార్చవు. అందుకే 2000 తరువాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ కొత్త చికిత్సలను పరీక్షించడానికి ఎంచుకున్న ఏడు మేధాశక్తుల జాబితాలో సామాజిక సంజ్ఞానానికీ చోటు దక్కింది. ఉద్యోగం, స్నేహాలు, స్వతంత్ర జీవనం వంటి వాటితో దానికున్న సంబంధం జ్ఞాపకశక్తి వంటివాటికున్న సంబంధం కంటే బలమైనదని 2011లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ చెప్పింది. దీనికి ఇచ్చే చికిత్స శిక్షణ రూపంలో ఉంటుంది. డేవిడ్ పెన్, డేవిడ్ రాబర్ట్స్ రూపొందించిన పద్ధతిలో కొద్దిమంది రోగులు వారానికి ఒకటి రెండుసార్లు కూర్చొని, ముఖాలు చూసి భావం చెప్పడం, వీడియోలో ఒక సన్నివేశం చూసి కంటికి కనిపించినది వేరు, తాము ఊహించినది వేరు అని విడదీయడం, ఒకే సంఘటనకు మూడు నాలుగు కారణాలు వెతకడం, తీర్మానానికి వచ్చేముందు అడిగి తెలుసుకోవడం సాధన చేస్తారు. ముఖభావాలను గుర్తించడంలో ఇలాంటి శిక్షణ వల్ల స్పష్టమైన మెరుగుదల వస్తుంది. నిజజీవితంలోకి ఆ మెరుగుదల ఎంతవరకు చేరుతుందన్న విషయంలో ఫలితాలు అంత గట్టిగా లేవు.

పల్లెలకు పనికొచ్చే రుజువు మన దేశంలోనే మరో చోట దొరికింది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాల్లో 282 మంది స్కిజోఫ్రెనియా రోగులపై జరిపి, 2014లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ప్రయోగంలో, వైద్యులు కాని స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి చికిత్సకు తోడుగా రోగుల ఇళ్లకు పంపారు. వారు ఇంటివారికి జబ్బు గురించి చెప్పారు, మందులు వేసుకునేలా చూశారు, బయటికి వెళ్లి మనుషులతో కలవడానికి, పని వెతుక్కోవడానికి తోడ్పడ్డారు. ఆసుపత్రి చికిత్స ఒక్కటే అందినవారితో పోల్చితే వీరిలో లక్షణాలు కొద్దిగా, పనులు చేసుకోలేకపోవడం మరికాస్త ఎక్కువగా తగ్గాయి. ఎక్కువ ప్రయోజనం కనిపించింది పల్లెలున్న తమిళనాడు ప్రాంతంలోనే. ఇంటివారి పాత్ర మీద పాత అధ్యయనం ఒకటి కూడా చెప్పుకోదగినది. విమర్శ, కోపం, అతిగా కల్పించుకోవడం ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తొందరగా తిరగబెడుతుందని లండన్‌లో తేలిన విషయాన్ని 1980లలో చండీగఢ్‌లో పరిశీలించినప్పుడు, అక్కడి కుటుంబాల్లో, అందులోనూ పల్లె కుటుంబాల్లో, అలాంటి విమర్శ లండన్ కంటే తక్కువగా కనిపించింది. ఉమ్మడి కుటుంబాన్ని ఆకాశానికెత్తడానికి ఇది చాలదు. అయినా పొలంలో, పశువుల దగ్గర తోచినంత పని చేస్తూ, ఎవరూ నిలదీయకుండా మనిషి గడపగలిగే చోటు విలువ దీని వల్ల కొంత తెలుస్తుంది. ఇంటివారు చేయగలిగిన వాటిలో మరొకటి సులభమైనది, అయినా తెలుగు ఇళ్లలో అలవాటు లేనిది: సూచనగా కాకుండా నేరుగా చెప్పడం. "ఎవరికైనా నీళ్లు కావాలా" అని కాక "నాకు ఒక గ్లాసు నీళ్లు తెచ్చియ్యి" అనడం, ఎగతాళి చేశాక "నవ్వులాటకు అన్న" అని చెప్పడం, కోపం వస్తే వచ్చిందనీ ఎందుకు వచ్చిందనీ పేరు పెట్టి చెప్పడం.

చికిత్స అందే చోట్ల విషయానికి వస్తే, నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పొరుగున ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లా, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదటగా మొదలైన నాలుగు జిల్లాల్లో ఒకటి. నాగావ్, సీకర్, తిరుచ్చి మిగతా మూడు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ ఉచిత సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను ప్రతి పౌరుడి హక్కుగా గుర్తించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక వ్యాధి కూడా ఉంది. 40 శాతం వైకల్యం ఉన్నదని తేలితే ధ్రువపత్రం, దానితో పాటు పింఛను వంటి సదుపాయాలకు దారి ఏర్పడుతుంది. ఆ శాతాన్ని లెక్కించడానికి భారత మానసిక వైద్యుల సంఘం తయారుచేసిన ఐడియాస్ అనే కొలత నాలుగు అంశాలు చూస్తుంది: తన పనులు తాను చేసుకోవడం, ఇతరులతో సంబంధాలు, ఇతరుల మాట అర్థం చేసుకొని తన మాట చెప్పుకోవడం, ఉద్యోగం లేదా పని. నాలుగింటిలో నడిమి రెండూ సామాజిక గ్రహణంతో నేరుగా ముడిపడినవే. అయినా రోగిని వైకల్యం తేల్చే శిబిరానికి తీసుకువెళ్లే ఇంటివారు చెవిలో మాటల గురించి, చేసిన గొడవల గురించి చెప్పినంతగా వీటి గురించి చెప్పరు. ఎవరితో మాట్లాడటం మానేశాడు, ఎప్పటి నుంచి మానేశాడు, ఏ పిలుపుకు పోవడం ఆపేశాడు అని రాసుకొని వెళితే వైద్యుడి పని తేలికవుతుంది.

వేల్పూర్‌కు ఈ విషయంలో అక్కరకు వచ్చే సొంత అనుభవం ఒకటి ఉంది. 2001లో అప్పటి జిల్లా కలెక్టర్ జి. అశోక్ కుమార్ హయాంలో ఈ మండలంలో బడికి రాని పిల్లలను ఊరూరా గుర్తించి, సర్పంచులను, తల్లిదండ్రులను, పనిలో పెట్టుకున్నవారిని ఒప్పించి, ఆ ఏడాది అక్టోబర్ 2 నాటికి బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించారు. వేల్పూర్ నమూనాగా దానికి దేశవ్యాప్తంగా పేరు వచ్చింది. ఆ పనికి కావలసింది ఎవరు కనిపించడం లేదో గమనించి, ఎందుకు కనిపించడం లేదో వెళ్లి అడగడం. స్కిజోఫ్రెనియా తొలి గుర్తులు కనిపించేది ఆ బడి పిల్లల కంటే రెండు మూడేళ్లు పెద్దవారిలో, ఇంటర్ రెండో ఏడాదిలోనో డిగ్రీలోనో చదువు ఆపేసి గదిలో ఉండిపోయినవారిలో. పదో తరగతి దాకా బాగా చదివి, ఆర్మూర్ కాలేజీకి పోవడం మానేసి, స్నేహితుల ఫోన్లు తీయక, వరసైనవారి నవ్వులాటకు మండిపడే కుర్రవాడిలో, లేదా అలాగే మారిపోయి, పెళ్లి చేస్తే కుదురుకుంటుందని ఇంటివారు తొందరపడే అమ్మాయిలో. ఇలాంటి మార్పుల్లో చాలావరకు వయసు వల్లనో, ఇతర దిగులు వల్లనో వచ్చినవే కావచ్చు, అన్నీ ఈ వ్యాధి కావు. అయితే నెలల తరబడి అలాగే సాగితే, ఏ ఇంట్లో ఎవరు కొంతకాలంగా బయటికి రావడం లేదో తెలిసిన ఆశా కార్యకర్త, కళాశాల అధ్యాపకుడు, తోటి విద్యార్థి, ఈ ముగ్గురిలో ఎవరు ముందుగా అడిగినా, నిజామాబాద్ ఆసుపత్రికి వెళ్లే మొదటి బస్సు కొన్ని నెలలు ముందుకు జరుగుతుంది.